నర్సమ్మగారి స్టీలు గ్లాసు

నర్సమ్మగారు కన్నుమూశారన్న కబురు పోయిన నెలలో ఒక మంగళవారం ఉదయం గిలకలదిండి హార్బరులో నాకు తెలిసింది. అప్పుడు నేను ఒక మరబోటు ఇంజను గదిలో కూర్చుని గేర్ బాక్సు విప్పుతున్నాను. మేస్త్రి బావ పైనుంచి తొంగిచూసి, "ఒరే, పైకి రా. నర్సమ్మగారు వెళ్ళిపోయారంట. పొద్దున్నే ప్రార్థన చేసుకుని, అలాగే కుర్చీలో ఒరిగిపోయారంట," అన్నాడు. నేను వెంటనే లేవలేదు. విప్పిన బోల్టులను విప్పిన వరసలోనే గోనెపట్టా మీద పేర్చి, ఒకసారి సరిచూసుకుని, ఆ తరవాతే పైకి వచ్చాను. అందుకు నన్ను ఎవరైనా తప్పు పట్టవచ్చు, ఆవిడ పట్టరు. "చేతిలో పని చెదరగొట్టుకుని పరిగెత్తుకొచ్చేవాడు నాకెందుకు నాయనా, చేతులు కడుక్కుని వచ్చేవాడు కావాలి గాని," అని ఒకసారి నాతో అన్నది ఆవిడే.

ఆవిడకు పేరు లేక కాదు. గుడివాడలో ఒక ఆసుపత్రిలో రిటైరయ్యేదాకా నర్సుగా పనిచేసి, తరవాత బందరు వచ్చి హార్బరు దారిలో ఒక చిన్న పెంకుటింట్లో స్థిరపడిన ఆవిడను మా పేటలో పిల్లా పెద్దా అందరూ నర్సమ్మగారనే పిలిచారు. ఇక్కడ నేనూ అలాగే పిలుస్తాను. ముందుగదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడకు సిలువ, మూత ఉన్న స్టీలు డబ్బా. గుమ్మం పక్కన నీళ్ళ బకెట్టు, దాని మీద ఒక ఎర్ర సబ్బు. కట్టు కట్టించుకోవడానికి వచ్చినా, సూది వేయించుకోవడానికి వచ్చినా, ఊరికే పలకరించిపోవడానికి వచ్చినా ముందు ఆ సబ్బుతో చేతులు కడుక్కోవలసిందే. డాక్టరుగారి చీటీ లేనిదే ఆవిడ సూది తీసేవారు కాదు. చీటీ తెచ్చినవాడిని కూడా మొదట "ఏం పని చేస్తావు నాయనా?" అని అడిగేవారు. జబ్బు సంగతి ఆ తరవాత.

నేను నలభై దాటి బతికి ఉండడానికి కారణమైనవాళ్ళ పేర్లు వరసగా రాయమంటే మొదటి పేరు ఆవిడది. ఇది మాట వరసకు అంటున్నది కాదు. ఎలాగో చెబుతాను.

మాది దివిసీమలో అవనిగడ్డ పక్కన పల్లె. నేను చదివింది ఎనిమిదో తరగతి. ఇంజను పని బందరు వచ్చి, చేసేవాళ్ళ పక్కన నిలబడి నేర్చుకున్నాను. కంపెనీ పుస్తకాలు ఇంగ్లీషులో ఉంటే నిఘంటువు పక్కన పెట్టుకుని ఒక్కో పేజీ విప్పుకున్నాను. చదువు లేనివాడిని, మరిచిపోతే అడగడానికి మాస్టారు లేరు అన్న భయం కొద్దీ ప్రతిదీ వరస నంబర్లు వేసి రాసుకోవడం అలవాటైంది. నాకు పని నేర్పిన మేస్త్రిని బావా అంటాను. చుట్టరికం ఏమీ లేదు. ఆయన నన్ను బామ్మర్దీ అంటాడు. ఆ పిలుపు నాకు ఎంత ఇష్టమో అప్పట్లో నాకే తెలియదు.

హార్బరులో ఆ రోజుల్లో ఒక ఆచారం గట్టిగా ఉండేది. ఇంజను పూర్తిగా విప్పి, బాగుచేసి, మూసిన తరవాత బోటును ట్రయలుకు తీసేముందు ముక్కు దగ్గర గంగమ్మకు కొబ్బరికాయ కొడతారు. ఓనరు సీసా తెస్తాడు. నాలుగు చుక్కలు ఇంజను మీద చల్లుతారు. ఇంజను మూసినవాడు మొదటి గుక్క తాగాలి. అతను తాగిన తరవాతే ఇంజను స్టార్టు చేస్తారు, మిగతావాళ్ళకు పోస్తారు. తాగకపోతే దాని అర్థం ఒక్కటే: మూసినవాడికే ఆ ఇంజను మీద నమ్మకం లేదు. అలాంటి బోటును నడపడానికి సరంగు ఎక్కడు, సరంగు ఎక్కని బోటులో వలలు లాగే కళాసీలు ఎక్కరు. కాబట్టి పని నేర్చుకున్నవాడు తాగడం కూడా నేర్చుకున్నాడు. చలికి ఒక గ్లాసు, డీజిలు పొగకు గొంతు కడుక్కోవాలని ఒక గ్లాసు, వాన పడిందని ఒకటి, పడలేదని ఒకటి ఆ తరవాత వాటంతట అవే వచ్చి చేరాయి.

తొంభైల మొదట్లో, నాకు ఇరవై ఎనిమిదేళ్ళప్పుడు, కళ్ళు పచ్చబడ్డాయి. మా అమ్మ మా ఊరి దగ్గర పసరు పోయించింది. తగ్గలేదు. బందరులో డాక్టరుగారు రక్తం పరీక్ష చేయించి, పొట్ట నొక్కి చూసి, "లివరు వాచింది. తాగుడు వల్ల. ఇప్పుడు మానేస్తే బాగుపడతావు. మానకపోతే ఇంకో రెండు మూడేళ్ళకి నువ్వు మళ్ళీ వచ్చినా నేను చెయ్యగలిగింది ఉండకపోవచ్చు," అన్నారు. సూదిమందు చీటీ పట్టుకుని నేను మొదటిసారి నర్సమ్మగారి గుమ్మం ఎక్కింది ఆ రోజే.

"ఏం పని చేస్తావు నాయనా?"

"బోటు ఇంజన్లండి."

"అయితే నీకు చెప్పడం తేలిక. ఇంజన్లో ఆయిల్ ఫిల్టరు ఉంటుందా?"

"ఉంటుందండి."

"లివరంటే అదే. నువ్వు తాగిన ప్రతి చుక్కా దానిలోంచి వెళ్ళాల్సిందే. పనికి మించి పోస్తే ముందు కొవ్వు పడుతుంది, తరవాత వాస్తుంది, ఆ తరవాత మచ్చలు కట్టి గట్టిపడుతుంది. గట్టిపడ్డాక ఇంక మెత్తబడదు. నీది వాపు దగ్గరుంది."

"ఫిల్టరు చెడితే మార్చేస్తామండి."

"దీన్ని మార్చే షెడ్డు మన బందర్లో లేదు. కాని ఒక్క తేడా ఉంది, విను. మీ ఫిల్టరు వాడకం ఆపి పక్కన పెట్టినా దానంతట అది బాగవుతుందా? ఇది అవుతుంది. పొయ్యడం ఆపితే చాలు. ఇంత ఓపికైన భాగాన్ని నేను ఒంట్లో ఇంకెక్కడా చూడలేదు."

ఆ చివరి మాట నేను ఇంటికి వెళ్ళి రాసుకున్నాను.

నాలుగు నెలలు ముట్టలేదు. ఒంటికి రంగు తిరిగింది. ట్రయలు ఉన్న రోజుల్లో అమ్మకు ఒంట్లో బాగాలేదని చెప్పి ఊరు వెళ్ళిపోయేవాడిని. అలా ఎన్నిసార్లు వెళతాను? ఐదో నెలలో ఒక ట్రయలుకు బావ నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు. "బ్రాందీ వద్దు, ఒప్పుకున్నాను. ఇదిగో, పొద్దున్న దించిన తాటికల్లు. చెట్టు నీళ్ళు ఇవి, చలవ. కామెర్లకి ఇదే మందు. మా నాన్నకి ఇదే పోశారు." ఆయన అబద్ధం చెప్పలేదు; నిజంగా అలాగే నమ్మాడు. ఒంటి వేడికి కల్లు, బీరు చలవ చేస్తాయని మా వైపు నమ్మనివాడు తక్కువ. నేను కూడా నమ్మాను. నమ్మాలని ఉంది కనుక నమ్మాను. ఆ చలవ మూడు లోటాలైంది. వారం తిరక్కుండా అన్నం వాసన చూస్తే వాంతి, కుడిపక్క డొక్కలో నొప్పి, కళ్ళలో మళ్ళీ పసుపు. డాక్టరుగారు ఈసారి నాతో ఎక్కువ మాట్లాడలేదు. చీటీ రాసి ఇచ్చారు.

నర్సమ్మగారు తిడతారని తలవంచుకుని కూర్చున్నాను. ఆవిడ సూది వేసి, దూది అదిమిపెట్టి, "పోసిందెవరు?" అని అడిగారు.

"మా మేస్త్రి బావండి. కల్లేనండి. చలవని..."

"చలవో వేడో లివరుకి తెలియదు నాయనా. దానికి తెలిసింది ఒక్కటే, అందులో మందుందా లేదా. సరే. నువ్వు అన్నీ రాసుకుంటావటగా? ఒక పని చెయ్యి. నీకు గుర్తున్నంతవరకూ నువ్వు తాగిన ప్రతిసారీ రాయి. ఎక్కడ, ఏది, మొదట మాటెత్తింది ఎవరు."

నాలాంటివాడికి అంతకంటే సులువైన మందు లేదు. రెండు రోజులు కూర్చుని గీతలు గీసి నలభై ఏడు వరసలు రాశాను. రాస్తూండగానే ఒక సంగతి కనిపించి లోపల గర్వంగా అనిపించింది: 'మాటెత్తింది ఎవరు' అన్న గడిలో నా పేరు ఒక్కసారి కూడా లేదు. ఆ కాగితం ఆవిడ ముందు పెట్టి, "చూశారా అమ్మా, నా అంతట నేను ఒక్కసారి కూడా మొదలుపెట్టలేదండి," అన్నాను.

ఆవిడ కళ్ళజోడు సర్దుకుని నలభై ఏడు వరసలూ చదివారు. దేన్నీ దాటవేయలేదు. ఆ తరవాత పెన్సిలు నా చేతికిచ్చి, "ఇంకో గీత గియ్యి. 'నేను వద్దన్నానా' అని పైన రాయి. నింపు," అన్నారు.

నింపడానికి ఏమీ లేదు. నలభై ఏడు గడులూ ఖాళీ.

"దీన్ని చూస్తే నీకు మందు మీద పెద్ద మోజున్నట్టు నాకు కనిపించడంలేదు," అన్నారు ఆవిడ. "ఈ పేర్ల మీద ఉంది. వాళ్ళు పక్కన కూర్చోబెట్టుకోవాలి, బామ్మర్దీ అనాలి. అది చెడ్డ కోరికేమీ కాదు. దాన్ని పోసుకునే గ్లాసు మార్చాలి, అంతే."

తిట్టి ఉంటే బహుశా నేను మళ్ళీ వెళ్ళేవాడిని కాదు. ఆవిడ ఎందుకు తిట్టరో చాలా ఏళ్ళ తరవాత ఒకసారి చెప్పారు. ముదినేపల్లి దగ్గర చేపల చెరువుల మీద కాపలా ఉండే తమ్ముడు ఒకడు ఉండేవాడట. "వాడికి మందివ్వడం నాకు తెలుసు, తిట్టడం తెలుసు. అడగడం తెలియదు. తిట్టినకొద్దీ నా గుమ్మం ఎక్కడం మానేశాడు. చివరిసారి స్ట్రెచరు మీదే వచ్చాడు," అన్నారు. అంతకుమించి చెప్పలేదు.

ఆ సాయంత్రాలు నాకు బాగా గుర్తు. సూది పని అయిపోయాక ఆవిడ నాకు ఒక పాఠం పెట్టారు. పైటచెంగు నడుముకు దోపుకుని, కుర్చీలో వెనక్కి వాలి, ఒక్క క్షణంలో మా బావ అయిపోయారు. ఆవిడకప్పటికి అరవై దాటాయి.

"ఏరా బామ్మర్దీ! ఒక్క గుక్క తాగితే చచ్చిపోతావేంట్రా?"

నాకు నవ్వు ఆగలేదు. "డాక్టరుగారు వద్దన్నారు బావా."

"ఆ డాక్టరు తాగడనుకున్నావా? పట్టు!"

"ఇవాళ కడుపులో బాగాలేదు."

"నాలుగు చుక్కలు పడితే కడుపు అదే సర్దుకుంటుంది. పట్టు!"

"మా అమ్మకి మాటిచ్చాను బావా."

"మీ అమ్మ అవనిగడ్డలో ఉంది, ఇక్కడికొచ్చి మూతి వాసన చూస్తుందా? పట్టంటే!"

ఆవిడ నవ్వలేదు. పైటచెంగు విప్పుకుని మళ్ళీ నర్సమ్మగారై, "మూడు కారణాలు చెప్పావు. మూడింటికీ జవాబొచ్చింది. కారణం చెప్పావంటే బేరానికి దిగావన్నమాటే. ఇంకేమీ చెప్పకు. 'నాకొద్దు బావా' అను. నవ్వుతూ అను. మళ్ళీ అడిగితే మళ్ళీ అదే మాట అను. మాట మార్చకు, అక్కణ్ణించి లేచి వెళ్ళిపోకు," అన్నారు.

"ఇవన్నీ మీకెలా తెలుసమ్మా?"

"మగవాళ్ళ వార్డులో అన్నేళ్ళు నిలబడ్డాను నాయనా. రోగిని చూడ్డానికొచ్చినవాళ్ళ మాటలు నాకు వినపడవా? బత్తాయిల సంచీలో అడుగున సీసా పెట్టుకొచ్చినవాణ్ణి కూడా చూశాను. పాపం, ప్రేమతోనే తెచ్చాడు."

ఎనిమిది సాయంత్రాలు ఆ పాఠం సాగింది. చివరికి నేను ఒక సందేహం బయటపెట్టాను. "మిగతావన్నీ సరేనమ్మా. ట్రయలు రోజు మొదటి గుక్క సంగతేంటి? అది వద్దంటే నన్ను కాదు, ఇంజన్నే వద్దంటారు. పని పోతుంది."

ఆవిడ ఆ తంతు మొత్తం వరసగా చెప్పించుకున్నారు. కొబ్బరికాయ దగ్గర ఆపి, "ఆ నీళ్ళేం చేస్తారు?" అన్నారు.

"బోటు ముక్కు మీద పోస్తారండి. సగం కింద ఇసకలో పోతాయి."

"బోటుకి కొట్టిన కాయ నీళ్ళు తాగినవాణ్ణి పట్టుకుని, వీడికి బోటు మీద నమ్మకం లేదని ఎవరైనా అనగలరా?"

ఇన్నేళ్ళు ఆ నీళ్ళు నా కాళ్ళ ముందే ఇసకలో ఇంకిపోయాయి.

"దేవత ముందు కొట్టిన కాయ మేము ముట్టం. అది మా నియమం," అన్నారు ఆవిడ. "నీకు అలాంటి అడ్డం లేదుగా? తాగు." లోపలికి వెళ్ళి ఒక స్టీలు గ్లాసు తెచ్చారు. ఆవిడ పెళ్ళికి ఎవరో బహుమతిగా ఇచ్చినది. అంచు కింద చుక్కలు చుక్కలుగా ఆవిడ పేరు చెక్కి ఉంది. "కాయ నీళ్ళు ఇందులో పట్టుకో. తాగాక మంచినీళ్ళతో నింపి చేతిలోనే ఉంచుకో. ఖాళీ గ్లాసు కనపడితేనే పోసేవాడి చెయ్యి లేస్తుంది."

తరవాతి ట్రయలు ఒక ఆదివారం ఉదయం, పోటు మీద నీళ్ళు నిండుగా ఉన్న వేళ. బోటు చుట్టూ కళాసీలు, ఒడ్డున చేపల గంప పక్కన ఓనరుగారి తల్లి. బావ సీసా మూత తీసి, ఇంజను మీద చుక్కలు చల్లి, గ్లాసు నా ముందు పెట్టాడు.

"పట్టరా బామ్మర్దీ. మొదటి గుక్క నీదే."

"నాకొద్దు బావా."

"ఏంటీ?"

"నాకొద్దు బావా."

సరంగు తల తిప్పి, "విన్నారా ఓనరుగారూ? ఇంజను మూసినోడే తాగనంటున్నాడు. దీన్నేసుకుని నేను సముద్రం మీదికెలా వెళ్తానండీ?" అన్నాడు. వెనకనుంచి ఎవడో, "రొయ్యలు వలిచే ఆడాళ్ళ దగ్గర కూర్చోబెట్టండి, టీ తాగుతాడు!" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు లేచి వెళ్ళిపోవాలనిపించింది. వెళ్ళిపోవద్దన్న మాట గుర్తొచ్చింది.

స్టీలు గ్లాసు తీసుకుని బోటు ముక్కు దగ్గరకు నడిచాను. "ఓనరుగారూ, కాయ ఇంకా కొట్టలేదుగా, ఈ గ్లాసు మీద కొట్టండి," అన్నాను. ఆయన వింతగా చూసినా కొట్టారు. గ్లాసులో సగానికి నీళ్ళు దిగాయి. అందరి ముందూ నిలబడి గుక్క తిప్పుకోకుండా తాగి, "గంగమ్మకిచ్చిందే నేనూ తాగాను. ఇంక స్టార్టు చెయ్యండి," అన్నాను.

గంప పక్కనుంచి ఓనరుగారి తల్లి గొంతెత్తింది: "దాంట్లో తప్పేముందిరా? గంగమ్మకి కొట్టిన కాయ. మీ కంపు సీసా కంటే నయమే. ఎక్కండి, ఎక్కండి, నీళ్ళు తీసేస్తాయి."

ఎక్కాం. కాలవ దాటి, అది సముద్రంలో కలిసే మొగ దగ్గరకు వచ్చేసరికి ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

"నేను చెప్పలా!" అన్నాడు సరంగు. పోటు తిరిగిపోయింది, నీరు సముద్రం వైపు లాగుతోంది. పక్కనే ఇసకదిబ్బ. దాని మీదికి ఎక్కితే బోటుతోపాటు నా పేరు, నేను తాగని ఆ గుక్క ఎప్పటికీ అక్కడే కూరుకుపోతాయని నాకు అర్థమైంది. జేబులోంచి కాగితం తీశాను. ఇంజను మూసేటప్పుడు ఒక్కో పనికి ఒక్కో టిక్కు పెట్టుకున్న కాగితం. ముప్పై ఒక్క వరసల్లో ముప్పై టిక్కులు నావి. ఒక్క వరసలో, డీజిలు ఫిల్టరు దగ్గర, టిక్కు బదులు 'బావ' అని ఉంది. ఆ రోజు పొద్దున్నే అది ఆయన బిగించాడు. నేను సూటిగా అక్కడికే వెళ్ళాను. కింది వాషరు పక్కకు ఒరిగి ఉంది. లైన్లోకి గాలి లాగుతోంది. వాషరు సరిగా కూర్చోబెట్టి, స్క్రూ వదులు చేసి, బుడగలు ఆగేదాకా గాలి తీసి, మళ్ళీ బిగించాను. నా చెయ్యి ఒక్కసారి కూడా తడబడలేదు. టార్చి పట్టుకున్నది బావ. టార్చి వెలుగు మాత్రం గోడ మీద వణుకుతోంది.

ఇంజను అందుకుంది. "ఏంట్రా అది?" అని పైనుంచి సరంగు అరిచాడు. "గాలి పట్టింది, పోయింది," అన్నాను. అంతే అన్నాను.

ఒడ్డుకొచ్చాక అందరూ కూర వండుకునే హడావుడిలో ఉండగా బావ నా పక్కకొచ్చి కూర్చున్నాడు. "ఆ వాషరు పెట్టింది నేనే కదరా?"

"అవును బావా."

తన అరచేతులు తిప్పి చూసుకున్నాడు. "పొద్దున ఒక చుక్క పడనిదే చెయ్యి నిలబడట్లేదురా. ఎవరికీ చెప్పకు."

చెప్పలేదు. కాని నర్సమ్మగారి దగ్గరకు రమ్మని మాత్రం ప్రతి వారం అడిగాను. ఆయన కారణాలు చెప్పాడు. వాటికి జవాబులు వెతకడం మాని నేను ఒకే మాట అడుగుతూ వచ్చాను. ఏడాది పట్టింది. ఆవిడ ఆయన చేతులు పట్టుకుని చూసి, పాదాల్లో తిమ్మిర్లున్నాయా, నిద్ర పడుతోందా అని అడిగి, "నువ్వు ఇంట్లో కూర్చుని రాత్రికి రాత్రి మానకూడదు నాయనా. నీలాగా పొద్దున్నే చెయ్యి వణికేవాడు ఒక్కసారిగా ఆపితే ఫిట్లు రావచ్చు. ఆసుపత్రిలో చేరి, డాక్టరు చూస్తుండగా మానాలి," అని గుడివాడకు తానే తీసుకువెళ్ళారు. బావ ఒకసారి మానాడు, మళ్ళీ జారాడు, మళ్ళీ చేరాడు. జారినప్పుడు ఆవిడ అన్నది నాకు వినపడింది: "పడినచోటు చెప్పు. రాసుకుందాం. ఈసారి ఆ పక్కకి వెళ్ళకుండా చూద్దాం." ఇప్పటికి పదేళ్ళు దాటింది, ఆయన మళ్ళీ ముట్టలేదు.

అన్నీ ఇలాగే జరిగాయని చెబితే అబద్ధమవుతుంది. కొంతకాలం ట్రయలు తరవాత అందరూ వండుకునే కూరకు నన్ను పిలవలేదు. కొబ్బరినీళ్ళ మేస్త్రి అన్న పేరు పెట్టారు. అది ఇప్పటికీ ఉంది, దానితోనే పని దొరుకుతోంది. ప్రభుత్వం మందు నిషేధించిన రోజుల్లో ఎక్కడ కాచారో తెలియని సరుకు హార్బరులోకి వచ్చేది. నర్సమ్మగారు ఎండలో గొడుగు వేసుకుని వచ్చి బోటు బోటుకూ, "ఇందులో ఏం కలిపారో అమ్మేవాడికే తెలియదు, కళ్ళు పోతాయి, ప్రాణం పోతుంది," అని చెప్పి వెళ్ళేవారు. విన్నవాళ్ళున్నారు. విననివాడొకడు, నాతోపాటు పని నేర్చుకున్నవాడు, నలభై నిండకుండానే పొట్ట నీరు పట్టి పోయాడు. అతని పేరు నా నలభై ఏడు వరసల్లో పదకొండుసార్లు ఉంది. కాని ఆ గ్లాసు చేతులు మారడం కూడా ఆ ఏళ్ళలోనే మొదలైంది. ముందు ఒక వెల్డరు అడిగాడు, "ఇటివ్వు, నాకూ కాయ నీళ్ళే చాలు" అని. తరవాత ఒక కళాసీ. ఇప్పుడు ఓనర్లు ట్రయలుకు నాలుగైదు కాయలు తెస్తున్నారు. సీసా ఇంకా వస్తుంది. ఎవరు ఏది పట్టుకున్నా ఎవరూ తల తిప్పి చూడరు. నర్సమ్మగారు కోరుకున్నది ఆ మాత్రమే అనుకుంటాను. ఒకసారి ఆవిడతో, "అందరిచేతా మాన్పించలేకపోయామమ్మా," అంటే, "అందర్నీ మాన్పించడానికి నేనెవర్ని? వద్దనుకున్నవాడు వద్దనగలిగితే చాలు," అన్నారు.

మంగళవారం మధ్యాహ్నానికి హార్బరు సగం ఆవిడ ఇంటి ముందుంది. లోపల పాటలు పాడుతున్నారు. గుమ్మం దగ్గర ఎవరూ చెప్పకుండానే ఒక వరస ఏర్పడింది. ఏమిటా అని చూస్తే, బకెట్టు దగ్గర ఒక్కొక్కరూ వంగి, ఎర్ర సబ్బుతో చేతులు కడుక్కుని, ఆ తరవాతే ఆవిడను చూడడానికి లోపలికి వెళుతున్నారు. సరంగులు, కళాసీలు, వల కుట్టేవాళ్ళు. నా వంతు వచ్చేసరికి సబ్బు చిన్న బిళ్ళయింది. బావ కొత్తది కొని తెచ్చి అక్కడ పెట్టాడు.

ఆ గేర్ బాక్సు బోటు మొన్న ఆదివారం ట్రయలుకు వచ్చింది. ఓనరు కాయ కొట్టాడు. నేను గ్లాసు పట్టాను. అంచు కింది చుక్కల్లో మొదటి రెండు అక్షరాలు ఇన్ని చేతుల్లో అరిగిపోయాయి. మిగతావి వేలికి ఇంకా తగులుతాయి. నేను ఒక గుక్క తాగి బావకు ఇచ్చాను. ఆయనకు ఇప్పుడు చూపు మందగించింది. బొటనవేలితో ఆ చుక్కల మీద ఒకసారి నిమిరి, తాగి, మళ్ళీ మంచినీళ్ళతో నిండుగా నింపి, ఇంజను పెట్టె మీద పెట్టాడు.

"ఇంక స్టార్టు చెయ్యరా," అన్నాడు.

ఇంజను అందుకుంది. గ్లాసులో నీళ్ళ మీద సన్నటి వలయాలు లేచి, అంచుదాకా వెళ్ళి, మళ్ళీ లేస్తున్నాయి. ఒలికిపోకుండా బావ దాని మీద చెయ్యి వేశాడు. కింద బోటంతా అదురుతున్నా, ఆ చెయ్యి మాత్రం అలాగే నిలకడగా ఉంది.